అన్నం సరే... అడవి మాటేమిటి?

గొత్తికోయల సంక్షేమంపై గోదావరి తీరాన తెగని వాదన

భద్రాచలం: ప్రాణాలు అరచేత పట్టుకొని ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి శబరి, గోదావరి తీరాలకు చేరిన గొత్తికోయలు రెండు దశాబ్దాలు గడిచినా ఏ రాష్ట్రానికీ చెందని జనంగానే మిగిలారు. వలస తొలినాళ్లలో ఇక్కడే పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఓటు హక్కు వయసు వచ్చింది. వారిలో చాలామంది అంగన్‌వాడీ గుడ్డు తిని పెరిగారు, ఊరి బడిలో తెలుగు అక్షరాలు దిద్దారు. పదో తరగతి దాటి కుల ధ్రువీకరణ పత్రం అడిగినచోట మాత్రం ఆగిపోయారు. వీరు ఇక్కడి పిల్లలా, అక్కడి పిల్లలా అన్న ప్రశ్నకు అధికార యంత్రాంగం వద్ద నేటికీ స్పష్టమైన సమాధానం లేదు.

వలస వచ్చినవారికి ప్రభుత్వ పథకాలు ఇవ్వాలా, వద్దా అన్న చర్చ ఏజెన్సీ పల్లెల్లో తరచూ రేగుతూనే ఉన్నది. పైకి చూస్తే ఇది ఇస్తే ఇవ్వండి, లేకుంటే మానండి అన్న ఒక్కమాట తగవులా కనిపిస్తుంది. లోతుకు వెళితే జనాభిప్రాయం అలా లేదు. బియ్యం, టీకా, బడి విషయంలో ఊళ్లు ఒకలా మాట్లాడుతున్నాయి. పోడు భూమి, రిజర్వేషన్ విషయంలో మరోలా మాట్లాడుతున్నాయి. పంచితే తరగనివాటిపై లేని అభ్యంతరం, పంచితే తరిగిపోయేవాటిపై మాత్రం బలంగా వినిపిస్తున్నది. ఈ తేడాను గుర్తించక రెంటినీ ఒకే మూటగా కట్టడం వల్లనే సమస్య ఏళ్ల తరబడి ముడివడి ఉన్నది.

వచ్చింది ఎవరు?

ఛత్తీస్‌గఢ్‌లోని నాటి దంతెవాడ జిల్లాలో 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసీలనే సమీకరించి నడిపిన ఆ ఉద్యమంతో బస్తర్ పల్లెలు రెండుగా చీలిపోయాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రహదారుల పక్కన ఏర్పాటు చేసిన శిబిరాలకు తరలించారు. అటు శిబిరాలకు పోలేక, ఇటు ఊళ్లో ఉండలేక మిగిలినవారు సరిహద్దు దాటి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి జిల్లాల అడవుల్లో తలదాచుకున్నారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తేల్చిచెప్పింది. అప్పటికే వేల కుటుంబాలు ఇవతలి గట్టున స్థిరపడ్డాయి.

వీరిని స్థానికులు గొత్తికోయలని, గుత్తికోయలని పిలుస్తున్నారు. వీరిలో అధికులు మురియా తెగకు చెందినవారు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు తెగల జాబితాలో గోండుల కింద మురియాలకు చోటున్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జాబితాల్లో కోయల ఉపశాఖగా 'గుట్ట కోయ' అన్న పేరున్నా, మురియాలు లేరు. పేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన తెగ ఒకటి కాదన్నది అధికారుల వాదన. మరోవైపు శబరికి ఇరువైపులా ఉన్న కోయలు, దోర్లలు, మురియాల మధ్య భాషలోనూ, దేవతల కొలుపుల్లోనూ పోలికలు తరతరాలుగా ఉన్నాయి. సంతలు ఒకటే. మిరపకాయలు ఏరే కాలంలో అటువైపు కూలీలు ఇటు రావడమూ 2005కు ముందు నుంచీ ఉన్నదే. కొత్తగా వచ్చింది మనుషులు కాదు, తిరిగి వెళ్లలేని పరిస్థితి.

ఈలోగా పాలనా సరిహద్దులూ మారిపోయాయి. 2014లో రాష్ట్ర విభజన వెంటనే పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తదితర మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం, 2019లో ములుగు జిల్లాలు ఏర్పడ్డాయి. ఒకే అడవిలో ఒకే కాలంలో వేసుకున్న గుడిసెల్లో కొన్ని ఒక రాష్ట్రంలో, మరికొన్ని ఇంకో రాష్ట్రంలో తేలాయి. ఒక జిల్లాలో అందిన కార్డు మరో జిల్లాలో అందలేదు.

రాష్ట్రం దాటితే తెగ మారదు, హక్కు మారుతుంది

రాజ్యాంగంలోని 342వ అధికరణం షెడ్యూల్డు తెగలను 'ఆ రాష్ట్రానికి సంబంధించి' మాత్రమే గుర్తిస్తున్నది. ఈ నాలుగు మాటల అర్థమేమిటన్నది తేల్చిన తీర్పు తెలుగు నేలకు సంబంధించినదే కావడం గమనార్హం. తెనాలిలో షెడ్యూల్డు తెగ ధ్రువీకరణ పొందిన కుటుంబం ఉద్యోగరీత్యా ముంబయికి వెళ్లింది. ఆ ఇంటి విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ కోటా కింద సీటు కోరగా నిరాకరణ ఎదురైంది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1990లో తీర్పునిస్తూ, ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదా మరో రాష్ట్రంలో ఆ రాష్ట్ర ప్రయోజనాలకు పనికిరాదని స్పష్టం చేసింది. వెనుకబాటు ఆయా ప్రాంతాల పరిస్థితులను బట్టి ఉంటుందని, బయటివారికి వాటా ఇస్తే స్థానిక తెగల అవకాశాలకు గండిపడుతుందని ధర్మాసనం భావించింది. 2018లో బీర్‌సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సైతం రాష్ట్రాలకు సంబంధించి ఈ సూత్రాన్నే సమర్థించింది.

ఉద్యోగం కోసం ఇష్టపడి వెళ్లినవారిని దృష్టిలో ఉంచుకొని వచ్చిన తీర్పు అది. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారికీ అదే వర్తిస్తున్నది. స్వరాష్ట్రపు ధ్రువీకరణ పత్రం ఉన్నవారు కనీసం ఆ రాష్ట్ర ప్రయోజనాలనైనా అడగగలరు. ఊరు వదిలి పరుగెత్తినవారి వద్ద ఆ కాగితం ఎక్కడిది? అక్కడి రికార్డుల్లో పేరు లేక, ఇక్కడి జాబితాలో తెగ లేక గొత్తికోయలు రెంటికీ చెడ్డారు.

రాజ్యాంగమే ఈ విషయంలో రెండు వైపులా మాట్లాడుతున్నది. 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛను ప్రతి పౌరునికీ ఇచ్చింది. అదే అధికరణంలోని ఐదో ఉపనిబంధన షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ స్వేచ్ఛపై సముచితమైన ఆంక్షలు విధించవచ్చునని చెబుతున్నది. వచ్చినవారూ ఆదివాసీలే, ఉన్నవారూ ఆదివాసీలే అయినప్పుడు రక్షణ ఎవరికి, ఆంక్ష ఎవరిపై అన్నది రాజ్యాంగ నిర్మాతలు ఊహించని చిక్కు.

బియ్యం దగ్గర లేని పేచీ

తిండి విషయంలో ఏజెన్సీ పల్లెలు మొదటి నుంచీ ఉదారంగానే ఉన్నాయి. గొత్తికోయ గూడేలకు రేషన్ కార్డులు, ఆధార్, ఓటరు గుర్తింపు కార్డులు కొన్నిచోట్ల అందాయి. అంగన్‌వాడీ కేంద్రాలు, టీకాల శిబిరాలు, పిల్లలకు ప్రత్యేక బడులు ఏర్పాటైన గూడేలూ ఉన్నాయి. వీటి వల్ల తమకేదో నష్టం జరిగిందని స్థానిక ఆదివాసీలు ఆందోళనకు దిగిన సందర్భాలు అరుదు.

కరోనా కాలం ఇందుకు మంచి ఉదాహరణ. 2020 మార్చి చివర లాక్‌డౌన్ విధించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు లేని వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం లేదా పిండి, రూ.500 నగదు ప్రకటించింది. ఏ రాష్ట్రం, ఏ తెగ అని అడగలేదు. ఇక్కడ ఉన్నారా, లేరా అన్నదే చూశారు. నాడు దానిపై పెద్దగా వివాదం రేగలేదు. సాయం అందరికీ చేరలేదన్నది వేరే మాట. అదే ఏప్రిల్‌లో ములుగు జిల్లా పేరూరు ప్రాంతంలోని మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని స్వగ్రామానికి కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల బాలిక ఇంటికి కొంతదూరంలోనే కన్నుమూసింది. ఆ మరణం దేశమంతటినీ కదిలించింది.

ఆహార భద్రతకు చట్టమూ అడ్డుకాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఆహారం ఇవ్వాలంటున్నది. అందుకు కులం, తెగ షరతు లేదు. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు విధానంలో ఒక రాష్ట్రపు కార్డుతో మరో రాష్ట్రంలో కేంద్ర కోటా బియ్యం తీసుకునే వెసులుబాటు 2019 ఆగస్టులో తొలిసారిగా మొదలైంది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న రాష్ట్రాల జతల్లో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ ఒకటి. 2022 నాటికి అది దేశమంతటికీ విస్తరించింది. అయితే అసలు కార్డే లేనివారికి ఈ విధానం అక్కరకు రాదు. రాష్ట్రాలు సొంతంగా ఇచ్చే అదనపు కోటా కూడా దీని పరిధిలోకి రాదు.

కేంద్రం ఇచ్చే రేషన్‌కు 2011 జనాభా లెక్కల ఆధారంగా పరిమితి ఉన్నమాట నిజమే. అయినా పక్క గుడిసెకు కార్డు వస్తే తన కార్డులో కిలో తగ్గదని ఏజెన్సీలోని కుటుంబానికి తెలుసు. పక్క బిడ్డకు పోలియో చుక్కలు వేస్తే తన బిడ్డకూ రక్షణేనన్నదీ తెలుసు. అందుకే ఈ విషయంలో వ్యతిరేకత లేదు.

ఉపాధి పనుల వద్ద పరిస్థితి కొంత మారుతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో 2006లో తొలి విడతలోనే అమలులోకి వచ్చింది. గ్రామంలో నివసిస్తూ శారీరక శ్రమకు సిద్ధపడే ఏ కుటుంబమైనా పని అడగవచ్చునన్నదే ఆ చట్టపు షరతు. కొన్ని గూడేల్లో గొత్తికోయలకూ జాబ్ కార్డులు ఇచ్చారు. కూలి డబ్బులు కేంద్రమే భరించినంత కాలం ఎవరికి కార్డు వచ్చిందన్న పట్టింపు పెద్దగా లేదు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఏటా 125 రోజుల పని కల్పిస్తామంటున్న ఈ చట్టం కింద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు వ్యయంలో 40 శాతం భరించవలసి ఉన్నది. రాష్ట్ర ఖజానా నుంచి సొమ్ము పోయేకొద్దీ 'మనవాడా, పరాయివాడా' అన్న ప్రశ్నకు పదును పెరిగే ప్రమాదమున్నది.

పోడు దగ్గర మొదలైన పగ

భూమి విషయానికి వచ్చేసరికి మాట పూర్తిగా మారిపోతుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీలకే అది పోడు భూమిపై హక్కు కల్పిస్తున్నది. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. సల్వాజుడుం మొదలైన ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది. తర్వాత వచ్చినవారికి తేదీ అడ్డు. ముందే వచ్చినవారికి తెగ అడ్డు. అక్రమంగా నిర్వాసితులైన ఆదివాసీలకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం కల్పించాలన్న నిబంధన కూడా ఈ చట్టంలోనే ఉన్నది. దానికీ 2005 డిసెంబరు 13వ తేదీయే హద్దు.

హక్కు లేకున్నా ఆకలి ఆగదు గనుక అడవి నరికి పోడు కొట్టడం సాగుతూనే వచ్చింది. అటవీ శాఖ గుడిసెలు తొలగించడం, మళ్లీ వెలియడం పరిపాటిగా మారింది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చివేయడం తీవ్ర విమర్శలకు దారితీసి హైకోర్టు వరకు వెళ్లింది.

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం బెండాలపాడు సమీపంలో అటవీ రేంజ్ అధికారి శ్రీనివాసరావు దారుణ హత్యకు గురయ్యారు. అటవీ శాఖ పెంచుతున్న మొక్కల విషయమై తలెత్తిన వివాదంలో గొత్తికోయలు ఆయనపై దాడి చేశారు. 2023 ఆగస్టులో కొత్తగూడెం న్యాయస్థానం ఇద్దరికి యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. నేరం చేసినవారికి చట్టప్రకారం శిక్ష పడింది. కానీ ఊరు అంతవరకు ఆగలేదు. హత్య జరిగిన కొద్దిరోజులకే గొత్తికోయలను వెళ్లగొట్టాలంటూ బెండాలపాడు పంచాయతీ తీర్మానించింది. నేరంతో సంబంధం లేని ఆడవారు, పిల్లలు కూడా ఆ తీర్మానం పరిధిలోకి వచ్చారు. విధి నిర్వహణలో ఒక అధికారిని కోల్పోయిన ఆగ్రహం సహజమే. ఆ ఆగ్రహం రెండు మనుషులపై కాక ఒక జాతి మొత్తంపైకి మళ్లడమే ఆందోళనకరం.

ఆ తర్వాత 2023 జూన్ 30న రాష్ట్ర ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ ప్రారంభించింది. 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలపై పట్టాలు ఇస్తున్నట్లు ప్రకటించింది. పట్టాతోపాటు రైతుబంధు వంటి సాయమూ జతపడింది. కటాఫ్ తేదీ, స్థానిక తెగ అన్న రెండు షరతుల మధ్య వలస గూడేలకు ఇందులో దారి దొరకలేదు.

వట్టి అనుమానం కాదు

స్థానిక ఆదివాసీల అభ్యంతరాన్ని పరాయివారిపై ద్వేషంగా కొట్టిపారేయడం పొరపాటు. దాని వెనుక అనుభవమున్నది. 1970 నాటి ఒకటో నిబంధన, వాడుకలో 1/70 చట్టం, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ఆదివాసీలు కానివారికి బదిలీ చేయరాదంటున్నది. ఆ కంచె ఉన్నా సారవంతమైన భూములు చేజారిన ఊళ్లు గోదావరి లోయలో కోకొల్లలు. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో ఇచ్చిన జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఉన్న రక్షణలు ఒక్కొక్కటిగా సన్నగిల్లుతుంటే, కొత్తగా మరొకరికి ఎస్టీ హోదా ఇస్తే తమకు మిగిలేదేమిటన్నది కోయల ప్రశ్న.

ఉత్తర తెలంగాణలో ఇదే ప్రశ్న మరో రూపంలో రగిలింది. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతంలోని లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. సరిహద్దుకు అవతల మహారాష్ట్రలో అదే సామాజికవర్గానికి ఎస్టీ హోదా లేదు. దీంతో అటువైపు వారు ఇటు వచ్చి భూములు, ఉద్యోగాలు పొందారన్నది ఆదిలాబాద్ గోండుల, కొలాముల ఆరోపణ. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారిని వలసదారులనడం అన్యాయమన్నది లంబాడాల సమాధానం. 2017 డిసెంబరులో ఉట్నూరు ప్రాంతంలో ఈ వైరం ఘర్షణలకు, ఆంక్షలకు దారితీసింది.

ఆదిలాబాద్‌లో వచ్చినవారికి జాబితాలో చోటుంది గనుక తగవు. భద్రాద్రిలో చోటు లేదు గనుక తగవు. రెండుచోట్లా వివాదం బియ్యం బస్తాపై కాదు. భూమిపై, కొలువుపై, కోటాపై. వాటి పరిమాణం నిర్ణీతం. ఒకరికి చేరితే మరొకరికి తగ్గుతుంది.

ఇది ఒక్క మన ఏజెన్సీకే పరిమితమైన మనస్తత్వం కాదు. ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులన్న విషయమై 23 ఐరోపా దేశాల సర్వేలను విశ్లేషించి సామాజిక శాస్త్రవేత్త విమ్ వాన్ ఊర్షాట్ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రజలు తొలిస్థానం వృద్ధులకు, తర్వాత రోగులకు, వికలాంగులకు, ఆపై నిరుద్యోగులకు ఇచ్చారు. చిట్టచివర వలసదారులను నిలిపారు. సంపన్న దేశాల్లోనే ఇలా ఉంటే, చిన్న కమతాలపై బతికే అడవి పల్లెల్లో మరోలా ఉండాలని ఆశించలేం. పైగా ఇక్కడి పల్లెలు వలసవారి చెమట విలువ ఎరిగినవే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఖమ్మం, ములుగు, భూపాలపల్లి జిల్లాల మిరప చేలల్లో కాయ ఏరేది ఎక్కువగా సరిహద్దు అవతలి చేతులే. పనికి పిలిచేటప్పుడు లేని అంతరం పట్టా రాసేటప్పుడు వస్తున్నది.

గ్రామసభ చేతిలోనే తాళంచెవి

ఈ అభిప్రాయాలను వట్టి రచ్చబండ కబుర్లుగా తీసేయడానికి వీల్లేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను ఎంపిక చేసే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. అటవీ హక్కుల దరఖాస్తు కూడా మొదట గ్రామసభకే వెళ్లాలి. అంటే పొరుగువాడి అభిప్రాయమే ఇక్కడ అర్హతకు తొలిమెట్టు. పట్టణంలో ఓ దరఖాస్తు కార్యాలయంలో తేలుతుంది; ఏజెన్సీలో అది చెట్టు కింద, అందరి ఎదుట తేలుతుంది.

గ్రామసభ ఆదివాసీల స్వపరిపాలనకు ఆయువుపట్టు. దాని అధికారాన్ని తగ్గించాలని ఎవరూ కోరరు. కానీ గ్రామసభ పథకానికి లబ్ధిదారును ఎంచగలదే తప్ప, పౌరుణ్ణి ఊరి నుంచి వెళ్లగొట్టలేదు. బిడ్డకు బడి, గర్భిణికి పౌష్టికాహారం వంటివి చట్టం నేరుగా ఇచ్చిన హక్కులు. అవి ఊరి సమ్మతిపై ఆధారపడి ఉండవు. ఏది గ్రామసభ విచక్షణకు లోబడినది, ఏది కాదన్న స్పష్టత క్షేత్రస్థాయి సిబ్బందిలో కొరవడింది. ఫలితంగా పోడుపై ఊరు అలిగితే దాని దెబ్బ అంగన్‌వాడీపై, రేషన్‌పై పడుతున్నది. గుడిసెలు తొలగించినప్పుడల్లా మొదట ఆగిపోయేది పిల్లల బడే.

త్రిపుర చూపిన దారి

ఇలాంటి చిక్కును దేశం ఒకసారి విప్పింది. 1997లో మిజోరంలో జాతుల ఘర్షణలతో బ్రూ తెగవారు త్రిపురకు పారిపోయారు. ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లో గడిపారు. 2020 జనవరి 16న కేంద్రం, త్రిపుర, మిజోరం ప్రభుత్వాలు, బ్రూ ప్రతినిధుల మధ్య ఒప్పందం కుదిరింది. సుమారు 34 వేల మందిని త్రిపురలోనే శాశ్వతంగా స్థిరపరచేందుకు కేంద్రం రూ.600 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కుటుంబానికి ఇంటి స్థలం, ఇంటి నిర్మాణానికి సాయం, రూ.4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు రూ.5 వేలు, ఉచిత రేషన్ అందులోని అంశాలు.

అక్కడా అంతా సాఫీగా సాగలేదు. తమ ప్రాంతంలో ఇంతమందిని స్థిరపరచవద్దంటూ ఉత్తర త్రిపురలో స్థానికులు ఆందోళన చేశారు. 2020 నవంబరులో పోలీసు కాల్పులు, ప్రాణనష్టం సంభవించాయి. అయినా ఒప్పందం నిలిచింది. బ్రూ తెగకు త్రిపుర ఎస్టీ జాబితాలో చోటుండటం ఒక అనుకూలత. అంతకన్నా ముఖ్యమైనది, భారం ఒక్క పల్లెపైనో, ఒక్క జిల్లాపైనో పడకుండా కేంద్రం సొమ్ముతో ముందుకు రావడం. స్థానికుల వాటా కోసి ఇవ్వడానికి, కొత్త వాటా తెచ్చి ఇవ్వడానికి ఎంతో తేడా ఉన్నది.

గొత్తికోయల విషయంలో ఇలాంటి ప్రయత్నం ఇంతవరకు ఫలించలేదు. ఛత్తీస్‌గఢ్ తమవారని గట్టిగా పిలవదు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తమవారని ఒప్పుకోవు. తెగ ఒకటైనా రాష్ట్రాలు మూడు కావడంతో బాధ్యత ఎవరిపైనా నిలవడం లేదు.

విడదీసి చూస్తేనే పరిష్కారం

సమస్యను మూడు భాగాలుగా విడదీస్తే చిక్కుముడి చాలావరకు సడలుతుంది. మొదటిది ఆహారం, వైద్యం, ప్రాథమిక విద్య. వీటికి తెగ ధ్రువీకరణతో పనిలేదు, నివాసమే ప్రాతిపదిక. కరోనా కాలంలో చేసినట్లే ఇక్కడ ఉన్నారా, లేరా అని చూసి ఇవ్వవచ్చు. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు, స్పష్టమైన ఉత్తర్వు చాలు. జనంలోనూ ఇందుకు వ్యతిరేకత లేదు.

రెండోది పైచదువు. పదో తరగతి దాటిన విద్యార్థికి స్థానిక ఎస్టీ కోటాలో సీటు ఇస్తే తగవు తప్పదు. నిర్వాసిత కుటుంబపు బిడ్డగా గుర్తించి, కోటాతో నిమిత్తం లేకుండా వసతిగృహంలో ప్రవేశం, ఉపకార వేతనం ఇస్తే ఎవరి వాటా తరగదు. నిర్వాసితులన్న గుర్తింపు పత్రం ఎస్టీ పత్రానికి ప్రత్యామ్నాయం కాకపోయినా, నడిమధ్యలో నిలిచిన చదువుకు ఒక ఆధారమవుతుంది.

మూడోది భూమి. ఇది జిల్లా కలెక్టరో, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారో తేల్చగలిగినది కాదు. మూడు రాష్ట్రాలు, కేంద్రం కూర్చుని, ఎవరు ఎప్పుడు వచ్చారో గూడెం గూడెం తిరిగి లెక్క తీసి, తిరిగి వెళ్లాలనుకునేవారికి అక్కడ, ఉండిపోవాలనుకునేవారికి ఇక్కడ ఏం ఇవ్వగలరో తేల్చాలి. ఆ చర్చలో స్థానిక కోయల గ్రామసభలకు కుర్చీ వేయాలి. తమకు తెలియకుండా తమ అడవి పంచుతున్నారన్న అనుమానం ఉన్నంతకాలం ఏ ప్యాకేజీ నిలవదు.

నేటి పరిస్థితిలో ఈ మూడూ ఒకే ప్రశ్నగా మారిపోయాయి. భూమి ఇవ్వలేమన్న సాకుతో బియ్యం ఆగుతున్నది. బియ్యం ఇస్తే రేపు భూమి అడుగుతారన్న భయంతో కార్డు నిలిచిపోతున్నది. లెక్క తేలకపోవడం వల్ల నష్టపోతున్నది వలసవచ్చినవారు మాత్రమే కాదు. అడవి తరుగుతున్నది. పోడు చేసే ప్రతి ఆదివాసినీ అటవీ సిబ్బంది అనుమానంగా చూస్తున్నారు. కొత్త గుడిసె లేచినప్పుడల్లా పాత ఊరి హక్కుకూ ప్రశ్న ఎదురవుతున్నది. రెండు దశాబ్దాల నాటి లెక్కను నేడు తీయడం కష్టమే. మరో దశాబ్దం ఆగితే అసాధ్యమవుతుంది. వచ్చినవారిలో పెద్దలు కన్నుమూస్తున్న కొద్దీ ఏ ఊరి నుంచి, ఏ ఏడాదిలో వచ్చారో చెప్పగల నోరు కూడా మిగలదు.